మా మిల్లు చప్పుడు, వాళ్ళ నాలుగో పాట

ఒక అమెరికా బ్యాండుకు ఇంతవరకు పదకొండు ఈమెయిళ్ళు పంపాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇంగ్లిష్‌లో రాస్తే చదివే దిక్కు లేదు గనక, ఇక తెలుగులోనే రాస్తున్నాను.

మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో మిల్లు ఆపరేటర్‌ని. తెలంగాణ వచ్చిన ఏడాదే చేరాను. అప్పుడే ఫోన్‌లో ఆ బ్యాండు దొరికింది. గిటార్ల మధ్య రేకుల మీద సుత్తి దెబ్బలు, మోటార్ల రొద. ఇంట్లోవాళ్ళు చెవులు మూసుకునేవారు. వాళ్ళ మొదటి రెండు ఆల్బమ్‌లు నిజాయితీ గలవి. పాత ఇనుప సామాను కొట్టి చేశారు. మూడోదానికి డ్రమ్మర్ వెళ్ళిపోయాడు, కంప్యూటర్ దెబ్బలు వచ్చాయి. తరవాత గాయకుడు అలిగి పోయాడు. కొన్నేళ్ళ మౌనం. మళ్ళీ కలిసినప్పుడు తమ పేజీలో అభిమానులను అడిగారు: మీరు పనిచేసే చోటి చప్పుళ్ళు పంపండి, వాడుకుంటే మీ పేరు వేస్తాం.

మా మిల్లు అంటే సిమెంటు నూరడానికి లోపల ఇనుప గుండ్లతో తిరిగే పెద్ద డోలు. ఆ రోజుల్లో దానికి ఒక బోల్టు వదులైంది. చుట్టు తిరిగినప్పుడల్లా ఒక ఠంగ్, వెంటనే చిన్న తడబాటు. స్క్రూడ్రైవర్ కొన బేరింగ్‌కు, పిడి చెవికి ఆనించి, లోపం బేరింగ్‌ది కాదని తేల్చుకున్నాను. ఫోర్‌మన్‌కు చెప్పాను. వారం దాకా పట్టించుకోలేదు, అదీ నేను మరిచిపోలేదు. ఆ వారంలోనే రికార్డు చేసి వాళ్ళ పేజీలో ఎక్కించాను. ‘అందింది’ అని యంత్రం పంపే ముక్క ఒకటి వచ్చింది. అంతే.

మరుసటి ఏడాది ఆల్బమ్ వచ్చింది. నాలుగో పాట మొదట్లోనే ఆ ఠంగ్, ఆ తడబాటు. కృతజ్ఞతల్లో మాత్రం వాళ్ళ దేశపు ఉక్కు కార్ఖానాలే ఉన్నాయి.

నాతో పనిచేసే ఫిట్టర్ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి అడిగాను.

“అన్నా, గిది మన మిల్లే గదా?”

“ఏ మిల్లైనా గట్లనే కొడ్తది తమ్మీ. అమెరికోడు వచ్చి నీ బోల్టు ఎత్కపోయిండా ఏంది?”

“దెబ్బ కాదే, దాని ఎన్క తడబాటు ఇను.”

కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాడు. నవ్వు ఆపాడు.

“గట్లనే ఉన్నది గని... ఒట్టేసి చెప్పమంటే చెప్పలే.”

ఒట్టు నేనూ వేయలేను. బోల్టు బిగించేశారు. ఆల్బమ్ రాకముందే నా పాత ఫోన్ పాడైంది. నేను పంపిన ఫైలు ఉంటే వాళ్ళ దగ్గరే ఉండాలి. ఇప్పుడేమో చివరి కచేరీలు, తరవాత బ్యాండు మూసేస్తాం అంటున్నారు. మూసేశాక ఎవరిని అడగను? ఈ తొందర కూడా నాకు అనుమానంగానే ఉంది.

మీ బ్యాండును నేను డబ్బు అడగడం లేదు. ఆ ఫైలు తెరిచి, పాట పక్కన పెట్టి వినండి. అది మా మిల్లో కాదో చెప్పండి. కాకపోతే కాదనే రాయండి, కానీ ఈసారి మీలో ఒక మనిషి రాయండి.