ముప్ఫై రోజులు ఆగని పెట్టె

అద్దెగదుల్లో గోడ పల్చగా ఉంటే పక్కవాళ్ల జీవితంలో మనకూ కొంత వాటా వస్తుంది. నేను దిగిన గదులన్నిటికీ పల్చటి గోడలే. ఎక్కువకాలం నిలవని మనిషికి దిట్టమైన గోడలున్న గది ఎవరిస్తారు? ఆ ఏడాది నా వాటాకి వచ్చింది ఒక సన్నటి బుసబుస. గాలిలోంచి ప్రాణవాయువును విడదీసి గొట్టంలోకి పంపే మిషను చప్పుడది. ఆ గొట్టం ముక్కుకి తగిలించుకున్న మనిషి ఇరవై రెండేళ్లు రాతిపలకలు కోసే కార్ఖానాలో పనిచేశాడు.

"నా ఊపిరితిత్తులు తవ్వితే ఒక గదికి గచ్చు వేయించొచ్చు బాబాయిగారూ" అనేవాడు నాతో. నవ్వబోయి దగ్గేవాడు.

ఆయన భార్య ఒక పెద్ద అచ్చు ప్రెస్సులో కంప్యూటర్ల గది చూసుకునేది. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఒకనాడు మేనేజరు పిలిచి, గదిలో ఉన్న ఎనిమిది సర్వర్లనూ తీసేసి ఒక్కదాంట్లో పెడుతున్నామని చెప్పాడు. ఆ విద్య ఆమెకు రాదు. నేర్చుకుని, ఆ ఎనిమిదింటి నకళ్లనూ ఇంట్లో ఒకే కంప్యూటరు మీద ముప్ఫై రోజులు ఆగకుండా నడిపి చూపిస్తే ఉద్యోగం ఆమెదే. లేకపోతే బయటి కంపెనీకి అప్పగిస్తారు. ఆ జీతమే లేకపోతే ఆ బుసబుసా ఉండదు.

ఒక్కదాంట్లో ఎనిమిది ఎలా పడతాయని అడిగాను.

"ఉమ్మడి కాపురం చూళ్లేదా? పొయ్యి ఒక్కటే. ఎనిమిదిమంది తోడికోడళ్లు. వంటిల్లు నాదొక్కదానిదే అని ప్రతి ఒక్కతీ నమ్మాలి. నమ్మించడమే పని" అంది.

నేను ఉమ్మడి కుటుంబంలో పుట్టి అందులోంచి పారిపోయినవాణ్ని. సులువుగానే అర్థమైంది.

పాత కంప్యూటరు సామాన్లమ్మే దుకాణానికి సంచీ మోసే నెపంతో నేనూ వెళ్లాను. దుకాణదారు ఆమెను చూడగానే మూలనున్న గోనెపట్టా తీశాడు.

"ఇదిగో అక్కా, సర్వరంటే ఇదీ. ఏనుగు. రెండు ప్రాసెసర్లు. ఇనుము ధరకి ఇస్తాను."

"ఎంత కరెంటు తాగుతుంది?"

"అందరూ ఎంత స్పీడని అడుగుతారు. నువ్వేంటక్కా, మీటరు చూసే మనిషిలా?"

"చెప్పు తమ్ముడూ."

"ఊరికే కూచున్నా రెండొందల వాట్లు."

"ఏనుగుని కొనగలను, మేపలేను. కప్పెయ్."

అతనికి తెలియనిదేమిటంటే, ఆమె ఇంట్లో ఒక చిన్న ఇన్వర్టరు ఉంది. కరెంటు పోతే భర్త మిషను దాని మీదే నడవాలి. అది నడవగా మిగిలేది యాభై వాట్లు. ప్రతి వస్తువునూ ఆ యాభైలో ఇమిడేలా ఎంచింది. ఏదో ఆఫీసు వదిలించుకున్న అరచేతి మందం పెట్టె, దానిలో ముప్ఫై అయిదు వాట్లని రాసున్న ప్రాసెసరు. ఒక యంత్రంలో పలు యంత్రాలను నడిపే వసతి అందులో ఉందో లేదో దుకాణంలోనే తెర వెలిగించి చూసుకుంది. మెమరీ దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీయలేదు. ఆ పెట్టె ఎంత పడితే అంత వేయించింది. దుకాణదారు పాత డిస్కు ఊరికే ఇస్తానన్నాడు.

"ఎంగిలి డిస్కు మీద ఎనిమిది కాపురాలు పెట్టలేను, కొత్తదియ్యి" అంది.

పెట్టె మంచం పక్కనున్న బల్ల మీద కూచుంది. ఎనిమిదీ లేచిన సాయంత్రం ఆయన తలగడ మీదనుంచే చూశాడు.

"మా అమ్మ ఉండుంటే ఎంత సంతోషించేదో. ఇన్నేళ్లకి ఒకేసారి ఎనిమిదిమందిని దించావు."

"మీ నోటికి గొట్టం పెట్టాల్సింది, ముక్కుకి కాదు" అందామె.

వారం తిరక్కుండానే కరెంటు పోయింది. ఇన్వర్టరు కీచుమంటూ అరిచి రెండు మిషన్లనూ ఆర్పేసింది. ఆమె ఇంట్లోనే ఉంది కాబట్టి పెట్టె ప్లగ్గు పీకి ఆయన మిషను మళ్లీ నడిపించింది, ముప్ఫై రోజుల లెక్క మాత్రం మళ్లీ ఒకటికొచ్చింది. ఆ రంగంలో ఉన్నవాళ్లే చేసే పొరపాటు ఆమె చేసింది. ముప్ఫై అయిదని రాసున్నది ప్రాసెసరు ఎంత వేడి పుట్టిస్తుందో చెప్పే అంకె. ఎనిమిదీ ఒక్కసారి పనికి దిగితే అది దానికి రెట్టింపు తాగుతుంది. చదువురానివాళ్లు అంకెను నమ్మరు, చదువుకున్నవాళ్లు నమ్ముతారు. నేనెన్నో పుస్తకాలు చదివి చెడింది ఈ రకంగానే.

పెద్ద ఇన్వర్టరు కొనే స్తోమత లేదు. అందుకని భర్తకు గట్టిగా చెప్పింది.

"నేను ఆఫీసులో ఉండగా కరెంటు పోతే ముందు ఈ పెట్టె ప్లగ్గు పీకెయ్యండి. మీది ముట్టుకోవద్దు."

"మరి ముప్ఫై రోజులు?"

"పోతే పోతాయి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాను."

"గడువుందిగా వాళ్లకి?"

"అవన్నీ మీకెందుకు? పీకుతానని చెప్పండి."

"పీకుతాలే."

అదృష్టం కలిసొచ్చిందనుకున్నాం. ఆ తర్వాత ఆమె ఇంట్లో ఉన్నప్పుడు కరెంటు పోలేదు. లేనప్పుడు పోలేదని ఆయన చెప్పాడు. నేను పగలంతా ఊరంతా తిరుగుతూ ఉండేవాణ్ని, నాకూ తెలియదు. ముప్ఫై రోజులూ నిండాయి. ఆ వేళ ఆయన మంచం మీద లేచి కూచుని, చేతులు జోడించి పెట్టెకు దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత తొమ్మిదో రోజు తెల్లవారుజామున గోడ అవతల మిషను బుస మాత్రమే వినిపించింది, దగ్గు వినిపించలేదు.

ఆయన పోయిన పది రోజులకి ఆఫీసువాళ్లు లాగ్ అడిగారు. కంప్యూటరు తనకు జరిగినదంతా నిమిషాలతో సహా రాసుకునే చిట్టా అది. కాయితాల మీద తీసి వరస చూస్తుంటే ఒక వాక్యం ఆమె కంట పడింది. మూడో రోజు, మధ్యాహ్నం రెండూ పది: నెట్ సంబంధం తెగింది. రెండూ యాభై: తిరిగి వచ్చింది. ఇంటికి నెట్ అందించే రౌటరు ఇన్వర్టరు మీద లేదు, కరెంటు పోతే అదీ పోతుంది. మరి ఆ నలభై నిమిషాలూ ఎనిమిది యంత్రాలూ నడుస్తూనే ఉన్నాయి. వాటితోపాటు ఆయన మిషను కూడా నడిచుంటే ఇన్వర్టరు ఒప్పుకునేది కాదు.

అలాంటివి పదకొండు. అన్నీ పగటిపూట, ఆమె డ్యూటీలో ఉన్నప్పుడే. ఆయన ప్రతిసారీ తన ప్లగ్గే పీకాడు. పెట్టె ఇవన్నీ రాసుకుంటుందని ఆయనకు తెలియదు.

ఆ లాగ్ ఇస్తేనే ఉద్యోగం. ఇచ్చింది. మేనేజరు చివరి పేజీ తిప్పి, "ఒక్కసారి కూడా ఆగలేదే, శభాష్" అని సంతకం పెట్టాడట.

మెట్ల మీద కూచుని ఇదంతా చెప్పింది నాకు. వేళ్లు మడిచి కూడింది. మొత్తం అయిదు గంటల ఇరవై నిమిషాలు.

"డాక్టర్ని అడిగాను బాబాయిగారూ. ఆ గంటల వల్లనేనా అని."

"ఏమన్నాడు?"

"జబ్బు ముదిరిపోయిందమ్మా, వాటికీ దీనికీ సంబంధం లేదన్నాడు. ఉందనుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడా డాక్టర్ని నమ్మాలో వద్దో తెలియడం లేదు."

ఆమె లేచి, డ్యూటీకి వేళయిందని వెళ్లిపోయింది.