ప్రేమలీల చర్చిలో వేసిన సాంబ్రాణి

ప్రేమలీల పాత దారికి మళ్ళిందనీ, చర్చి వెనక గదిలో పిల్లకాయల కళ్ళకు గంతలు కట్టి, సాంబ్రాణి వేసి ఏవో పూజలు చేస్తోందనీ ముత్తుకూరులో ఒక మాట తిరుగుతోంది. సాంబ్రాణి వేసిన మాట నిజం. గంతలు కట్టిన మాటా నిజమే. తక్కినదంతా గాలికబురు. రెజీనమ్మ ఆ గదిలో కూర్చుని వచ్చింది. కళ్ళారా చూసిందనడానికి లేదు, ఆమె కళ్ళకూ గంత కట్టారు.

ప్రేమలీల బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. రెండు వందల మందికి పప్పు వండే మనిషి, గరిటెడు పట్టుకుని పక్కవాళ్ళ దగ్గరికి పోయి "ఎట్టుందో చూడక్కా" అంటుంది. చేయి తిరిగినదానికి ఇంత భయమేమిటని అందరూ నవ్వుతారు. ఆదివారం ఆరాధన అయ్యాక యూత్ పిల్లలకు వాక్యం చెబుతుంది. పాత వల ముక్క చేతికిచ్చి జాలరి పేతురు కథ చెప్పినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. కిటికీలోంచి సాంబ్రాణి పొగ వచ్చిన రోజున మాత్రం సంఘపెద్ద సమాధానంగారికి గుండె ఆగినంత పనైంది. మరుసటి ఆదివారం, స్త్రీల సమాజానికి పెద్దదిక్కయిన రెజీనమ్మ చేతికి తాళంకప్ప ఇచ్చి, ఆ గది మూసి రమ్మన్నారు. తాళం పడితే ప్రేమలీల క్లాసు అంతటితో సరి.

రెజీనమ్మ గడప దాటిందో లేదో, ప్రేమలీల చున్నీ పట్టుకుని ఎదురొచ్చింది.

"రా అక్కా, కూర్చో. నీకూ కడతా."

"నాకెందుకే? నీ కత తేల్చేదానికి వచ్చినా."

"తేల్చుదువులే. ముందు కూర్చో."

లోపల ఏముందో తెలుసుకోకుండా వెనక్కి పోవడం రెజీనమ్మ వల్ల అయ్యే పని కాదు. కూర్చుంది. అరచేతిలో చల్లగా ఉంగరం పడింది. తర్వాత ముక్కు దగ్గర సాంబ్రాణి పొగ. ఆపైన నాలుక మీద ఆవగింజంత ఏదో.

"థూ! ఇంత చేదా! ఏందక్కా ఇది?" పక్కన ఇంటర్ చదివే షారన్ కేక పెట్టింది.

రెజీనమ్మ కదల్లేదు. అయిదు కాన్పులకూ వాళ్ళమ్మ ముక్కు మూసి మింగించిన చేదు అది.

"బాలింత బోళం," అంది.

"పుట్టిన ప్రభువుకు జ్ఞానులు తెచ్చిన మూడో కానుక అదే అక్కా," అంది ప్రేమలీల.

చిన్నప్పటినుంచీ అప్పజెప్పిన మాటలే. బంగారం, సాంబ్రాణి, బోళం. బోళమంటే ఏ రాజుల ఇళ్ళల్లోనో ఉండే వస్తువనుకుంది. ఆమె బిడ్డలకు స్నానం చేయించి తల ఆరబెట్టిన పొగ ఇదే. ఆమె మింగిన మందు ఇదే. బేత్లెహేములో మరియ దగ్గరా ఇదే వాసన! రెజీనమ్మ పొగ వైపు ముఖం తిప్పింది.

"రాజుకు కానుకలంటిరి గదే! బాలింతరాలికి కావాల్సినవి తెచ్చినారే!"

"ఆయన్ని సమాధిలో పెట్టినప్పుడూ ఈ బోళమే పెట్టినారక్కా," అంది ప్రేమలీల మెల్లగా.

షారన్ నోట్లోని చేదును మింగేసింది.

పిల్లలు వెళ్ళాక రెజీనమ్మ గంత విప్పుకుని, తాళంకప్పను కొంగున ముడేసుకుంది.

"సమాధానంగారికి నేను చెప్పుకుంటాలే. ఇంతకీ, చదివించి అప్పజెప్పించకుండా ఈ వాసనలెందుకు పట్టుకున్నావే?"

ప్రేమలీల నిప్పు మీద బూడిద కప్పింది.

"కరోనా పోతా పోతా నా ముక్కునీ నాలికనీ పట్టుకపోయిందక్కా. పూలు పెట్టుకున్నా పులుసు పెట్టుకున్నా నాకొకటే. పిల్లకాయలు పీల్చి ముఖం ఎట్టా పెడతారో చూస్తే, రవ్వంత నాక్కూడా తగిలినట్టుంటాది. ఇందాక నీ ముఖం చూసినా. ఇప్పుడు నోటితో చెప్పక్కా, బోళం ఎట్టుండాది?"