సరస్వతమ్మ పురుగులు తినే మొక్క

నరసరావుపేట బసవయ్యకు తెలియని విషయం ఈ లోకంలో లేదు. కావాలంటే ఆయన్నే అడగండి, చెబుతాడు. పురుగుమందుల కొట్టు పెట్టి పాతికేళ్లయింది కదా, పచ్చగా కనిపించే ప్రతిదానికీ తానే డాక్టరునని ఆయన నమ్మకం.

ఆయన భార్య సరస్వతమ్మకు తనదంటూ ఉన్నది ఒక్క మొక్క. నర్సరీ బండివాడు అమ్మిపోయిన పురుగులు తినే మొక్క. ఆకు చివర తీగ సాగి, దాని కొసన మూతున్న చిన్న కూజా వేలాడుతుంది. ఈగో చీమో అందులో జారిపడితే అదే దానికి తిండి. ఎరువు పడదు, బోరు నీళ్లూ పడవు. పల్నాడు ఎండల్లో అలాంటిదాన్ని బతికించడమంటే మాటలా? ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టి ఆ నీళ్లే పోసేది. కిటికీకి గోనెపట్టా కట్టి, రోజుకు నాలుగుసార్లు తడిపేది. రెండేళ్లకు ఆ మొక్క పదకొండు కూజాలు వేసింది. ఆ ఇంట్లో ఆమె చెప్పినట్టు విన్నది అదొక్కటే.

"తినడానికా, అమ్మడానికా?" అనేవాడు బసవయ్య.

మొన్న అక్కకు ఒంట్లో బాగాలేదని ఆమె రెంటచింతల వెళ్లింది. మూడు రోజులు. వెళ్తూ వెళ్తూ మొగుడికి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "ఏసీ నీళ్లు ఒక గ్లాసు పోయండి. ఇంకేం చెయ్యబాకండి."

చిలకే నయం. రెండో రోజు అయ్యగారు కూజాలోకి తొంగిచూశాడు. లోపల ఈగలు! ఇంకేముంది, వైద్యం మొదలైంది. కూజాలన్నీ వంచి కడిగేశాడు. పత్తికి కొట్టే మందు డబుల్ డోసు కొట్టాడు. నీరసంగా ఉందని గుప్పెడు డీఏపీ ఎరువు కూడా వేశాడు. పురుగును తిని బతికే మొక్కకు పురుగు పట్టిందని మందు కొట్టిన మేధావి మన జిల్లాలో ఇంకొకడు ఉండడు.

ఆమె తిరిగొచ్చేసరికి కూజాలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. కాండం ముట్టుకుంటే మెత్తగా ఊడొచ్చింది. సరస్వతమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఏందే ఆ ఏడుపు? నిండా పురుగు పట్టించి పోయావు. నేను చూడబట్టి ఆ మాత్రమన్నా ఉంది" అన్నాడు భోజనానికొచ్చిన బసవయ్య. అంటే తప్పు ఆమెదే. ఆమె కళ్లు తుడుచుకుని అన్నం వడ్డించింది.

సాయంత్రం మాడిన ఆకు ఒకటి తుంచి కొట్టుకు తీసుకెళ్లింది. అక్కడ పద్ధతి అదే. రైతు తెగులు పట్టిన రెమ్మ తెచ్చి కౌంటర్ మీద పెడితే, చేను మొహం చూడకుండానే ఈయన మందు చెబుతాడు. మిరప రెమ్మ తెచ్చిన బ్రహ్మయ్య అనే రైతు కోసం అప్పుడే నాలుగు డబ్బాలు తీసి పెట్టాడు. బ్రహ్మయ్య వెనకనుంచి చెయ్యి చాపి ఆమె తన ఆకు పెట్టింది.

బసవయ్య తలెత్తలేదు. ఆకు నలిపి చూశాడు. "ఇది తెగులు కాదు, మందుకు మాడింది. ఏ తెలివితక్కువ ఎదవ కొట్టాడు దీనికి?"

"మీరేనండీ" అంది సరస్వతమ్మ. "నా మొక్కకు."

కొట్లో ఉన్న రైతులెవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. బ్రహ్మయ్య తన మిరప రెమ్మ తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"ఏంది బ్రహ్మయ్యా, మందు తీసకపోవా?"

"ఉండనీలే. ముందు ఎవర్నన్నా చేలోకి తీసకపోయి చూపిస్తా" అని మెట్లు దిగాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు దిగారు.