ఓథా బాబాయి తొందర

ఓథా బాబాయికి ఒక్కటే జబ్బు. ఎవరైనా మాట మొదలుపెడితే చాలు, దాన్ని తనే పూర్తి చేసేస్తాడు. పందొమ్మిది వందల డెబ్బైల్లో టెక్సాస్ రేవుపట్నం గాల్వెస్టన్ మొత్తం మీద, ఆయన ఎదుట ఒక వాక్యాన్ని సొంతంగా ముగించిన మొనగాడు లేడు.

చర్చిలో పాస్టరుగారు "పేతురు పడవ దిగి, నీళ్ల మీద అడుగేసి..." అనగానే వెనక బెంచీలోంచి "మునిగాడు!" అని కేక. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు గొంతు సవరించుకుంటూండగానే "ఒప్పుకుంటున్నాను!" అని ఈయన ఒప్పేసుకున్నాడు. పెళ్లికూతురు ఎవరి పెళ్లామైందో తేలక, పాస్టరుగారు పాపం మళ్లీ మొదటినుంచీ చదివారు.

"కాస్త ఆగలేవా బాబాయ్?" అని అన్నగారి కూతురు వెర్నెల్ నెత్తి కొట్టుకునేది.

"ఆగడమా? బానిసత్వం పోయిందన్న కబురు టెక్సాస్‌లో మన నల్లవాళ్లకి రెండున్నరేళ్లు ఆగి చేరింది. మన వంశం ఆగాల్సిందంతా అప్పుడే ఆగేసిందే అమ్మాయ్!"

ఆ కబురు చేరింది జూన్ పందొమ్మిదిన. ఏటా ఆ రోజు పార్కులో పండుగే. ఎర్ర సోడాలు, పుచ్చకాయలు, పొద్దుటినుంచీ పొగలో మగ్గే మాంసం. భోజనాల ముందు ఓజెల్లా మామ్మ తెల్లగౌనులో మైకు దగ్గర నిలబడి ఆనాటి ఉత్తర్వు చదువుతుంది. ఆవిడ నాయనమ్మ దాన్ని చెవులారా విన్న మనిషి. అందుకే ఊపిరున్నంతవరకూ ఆ కాయితం ఇంకొకరి చేతికివ్వనని మామ్మ పంతం.

కొన్నేళ్లుగా అక్కడా బాబాయి గోలే. మామ్మ కాయితం ఎత్తేసరికి ముందు వరసలోంచి "టెక్సాస్ ప్రజలకు!" అంటాడు. మామ్మ కూడా "టెక్సాస్ ప్రజలకు" అంటుంది. ఈయన వెంటనే "తెలియజేయడమేమనగా!" అంటాడు. జనం నవ్వలేక చచ్చేవాళ్లు.

ఈసారి పండుగ పెత్తనం వెర్నెల్‌ది. మామ్మ పరువు కాపాడాలని బాబాయిని పార్కు ఆ చివర, మాంసం పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

"ముందు కూర్చోనివ్వవే తల్లీ! నోరు మూసుకుంటా... లేదు, మూసుకోను. అయినా కూర్చోనివ్వు!"

"కదిలావో, తిండి లేదు!"

మామ్మ లేచింది. కాయితం ఎత్తింది. మామ్మ నోరు మెదపలేదు. మైకు గుయ్యిమంది. అప్పుడు చూసింది వెర్నెల్, కాయితం తలకిందులుగా ఉంది. మామ్మ చూపు ఎక్కడా ఆనడం లేదు. చెవి మాత్రం ముందు వరసకేసి వంచింది. వెర్నెల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

"టెక్సాస్ ప్రజలకు!"

పొగలోంచి బాబాయి పరుగు! ఒంటికి ఏప్రను, చేతిలో పటకారు, పటకారుకి వేలాడుతూ ఒక సాసేజీ. ఎదురొచ్చిన కుర్చీలు పడ్డాయి, చర్చి పెద్ద డీకనుగారూ పడ్డారు. మామ్మ మొహం వెలిగిపోయింది. "టెక్సాస్ ప్రజలకు" అని ఖంగుమంది.

మాట తర్వాత మాట అందిస్తూ వచ్చి, "బానిసలందరూ..." దగ్గర బాబాయి పుట్టాక మొదటిసారి నోరు మూసుకున్నాడు.

"స్వతంత్రులు!" అంది మామ్మ, ఒక్కర్తే. పార్కు దద్దరిల్లింది.

వెర్నెల్ కళ్లు తుడుచుకుంటూ బాబాయిని పక్కకి లాగింది. "ఇన్నాళ్లూ ఆవిడకి చూపు లేదని నాకొక్క ముక్క చెప్పకూడదూ?"

"నీకా?" అన్నాడు బాబాయి సాసేజీ కొరుకుతూ. "నీ నోట్లో మాట దాగుతుందా అమ్మాయ్?"