తొంభై కేలరీల పెళ్ళికొడుకు

ఒక మనిషిని సన్నబరుస్తానని మాట ఇచ్చి, అతని పెళ్ళికి వారం రోజుల ముందు దోహాలోని అల్ సద్దు పేటలో ఒక దర్జీ దుకాణంలో అతని ప్యాంటు గుండీ తెగి, ఎదురుగా ఉన్న నిలువుటద్దానికి టంగుమని తగిలేలా చేసిన ఘనత నాకు తప్ప మరొకరికి దక్కి ఉండదు. ఆ సంఘటన తేదీ, వారం, వేళ నాకు ఈనాటికీ కంఠస్థం. అయినా ఇక్కడ రాయను. రాస్తే, ఆ దంపతులు ప్రతి ఏటా అదే రోజున నాకు ఫోన్ చేసి నవ్వడం మొదలుపెడతారు. తొంభైల నడుమ, ఖతర్‌లో జరిగిందని చెప్పి ఊరుకుంటాను. తక్కిన అంకెలేవీ దాచను. నాకు పట్టిన గతి అంకెల వల్లనే పట్టింది కనుక, వాటి వంతు నింద వాటికి దక్కడం న్యాయం.

అప్పట్లో నేను దోహాలో ఒక కాంక్రీట్ కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగిని. ఇసుక ఎంత, కంకర ఎంత, సిమెంట్ ఎంత, నీళ్ళు ఎన్ని అని గ్రాములతో సహా తేల్చి, ఆ మిశ్రమం ఎంత బరువు మోస్తుందో ముందే చెప్పడం నా పని. చెప్పినట్టే మోసేది. ఇలా కొన్నేళ్ళు వరుసగా మన మాట నిజమవుతూ వస్తే మనిషికి ఏమవుతుందో పాఠకులు ఊహించగలరు. ప్రపంచంలో ఉన్నదంతా కాంక్రీటేననీ, సరైన పాళ్ళు తెలిస్తే చాలుననీ ఒక నమ్మకం కుదిరిపోతుంది. నాకూ కుదిరింది.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో ఒక పాత విల్లాలో ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేను కాక, ఒకడు శ్రీను. తూర్పు గోదావరి కుర్రవాడు, ఒక ఆఫీసులో డ్రైవరు. రెండోవాడు మల్లేశం. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన మేస్త్రీ. ఎండలో నిలబడి గోడలు కట్టించి, సాయంత్రం వచ్చి మా ఇద్దరి మీద జోకులు కట్టేవాడు.

ఒక శుక్రవారం శ్రీను ఇంటికి ఫోన్ చేసి వచ్చి, ముఖం వేలాడేసుకుని మంచం మీద కూలబడ్డాడు.

"సూర్యంగారండీ, నాకు పెళ్ళి కుదిరిపోయిందండీ."

"శుభం. దానికి ఏడుపు ముఖం దేనికి?"

"అమ్మాయి నా ఫొటో చూసి ఒప్పుకుందంటండీ. 'సన్నగా, పొడుగ్గా బాగున్నాడు' అందంట."

"ఇంకా శుభం."

"ఆ ఫొటో నేనిక్కడికి రాక ముందుదండీ బాబూ!"

నేను శ్రీనును ఆపాదమస్తకం పరిశీలించాను. రోజంతా కారు సీటులో కూర్చోవడం, సిగ్నల్ దగ్గర ఒక షవర్మా, పెట్రోల్ బంకు దగ్గర మరొక షవర్మా. ఫొటోలో ఉన్న మనిషి ఇతని లోపల ఎక్కడో ఉన్నాడు కానీ, బయటికి పిలిస్తే వినిపించేంత దగ్గరలో లేడు.

"పందిట్లో నన్ను చూసి వద్దందనుకోండి, మా అమ్మ నుయ్యో గొయ్యో చూసుకుంటుందండీ," అన్నాడు శ్రీను. అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"ఎంత వ్యవధి ఉంది?"

"పది వారాలండీ."

"చాలు," అన్నాను. ఆ 'చాలు' అన్న గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వంతెనకు పూచీ పడే ఇంజనీరు కూడా అంత ధీమాగా పలకడు.

మరుసటి రోజు నుంచి వంట డ్యూటీ పూర్తిగా నాదేనని ప్రకటించాను. ప్రయోగశాలలో పక్కన పడేసిన పాత కాటా ఒకటి అడిగి తెచ్చి, వంటింటి గట్టు మీద ప్రతిష్ఠించాను. నా సిద్ధాంతం సులువైనది. రుచికి కారణం నూనె కాదు, నూనె మోసుకొచ్చే వాసన. కనుక నూనెను తొలగించి వాసనను నిలబెట్టాలి. ఉల్లిపాయలు నూనెలో కాక, కొద్దికొద్దిగా నీళ్ళు చిలకరిస్తూ ఎర్రగా వేయించాను. జీలకర్ర, ధనియాలు పొడి మూకుడులో వేయించి దంచాను. కొబ్బరి పాలకు బదులు అక్కడ దొరికే లబన్ అనే మజ్జిగ పోశాను. చింతపండు తగ్గించి, అరబ్బులు వాడే ఎండు నల్ల నిమ్మకాయను చితక్కొట్టి వేశాను. ఈ పద్ధతులన్నీ ఉత్తమమైనవేనని ఈనాటికీ సాక్ష్యం చెబుతాను. అంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పనే ఉండేది కాదు.

కానీ కూరకు చిక్కదనం రాలేదు. కాంక్రీట్ మనిషికి పలచని మిశ్రమం కంటే అవమానం లేదు. చిక్కదనం కోసం దుకాణాల అరలన్నీ గాలిస్తుంటే, ఒక సూపర్ మార్కెట్‌లో తహీనా అనే డబ్బా కనిపించింది. నువ్వుల ముద్ద. డబ్బా వెనుక చిన్న అక్షరాల పట్టిక ఉంది. 'కేలరీలు: 90' అని అందులో స్పష్టంగా ఉంది. దాని కింది వరుస మీద దుకాణంవాళ్ళు ధర చీటీ అంటించారు. ఏ పదార్థానికైనా లెక్క వంద గ్రాములకే ఉంటుందని నాకు తెలుసు. తెలుసు కనుక చీటీ పీకి చూడలేదు.

గదికి తెచ్చి బల్ల మీద పెట్టగానే మల్లేశం వేలితో కొంచెం తీసి నాకాడు.

"సారూ, గిది నువ్వుల ముద్ద గదా?"

"అవును."

"నువ్వులల్లకెల్లే గదా నూనె దీసేది?"

"అయితే?"

"నూనె బంద్ జేసి, నూనె దీసే గింజనే తినబెడుతున్నవా ఆ పిలగానికి?"

"మల్లేశం, నువ్వు చెబుతున్నది అభిప్రాయం. డబ్బా మీద ఉన్నది అంకె."

"అంకె తింటే బలుస్తరా, నువ్వులు తింటే బలుస్తరా సారూ?"

నువ్వుల్లో నూనె ఉంటుందన్న సంగతి తెలుగు దేశంలో బడికి పోని పిల్లవాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ, చూశారూ, ముద్రించిన అంకె ఎదుట నిలబడితే నాకు తెలిసినదంతా సెలవు మీద వెళ్ళిపోతుంది. మనిషికి వంద గ్రాముల చొప్పున తూచి గుత్తి వంకాయలో కూరాను. దోసకాయ పప్పులో కలిపాను. కోడి ముక్కలకు పట్టించాను. సొరకాయ కూడా ఆ ముద్దలో పడి విందు భోజనపు కూరలా మెరిసిపోయింది. శ్రీను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏవండీ, ఇది పథ్యవేనా అండీ?"

"శుద్ధమైన పథ్యం. నీ వాటాకు తొంభై కేలరీలు."

"బాబోయ్! పథ్యవంటే ఇంత కమ్మగా ఉంటుందని తెలిస్తే చిన్నప్పట్నుంచీ చేసేద్దునండీ."

మల్లేశం మాత్రం కంచం పక్కకు జరిపాడు. "కాటా మీద తూసి పెట్టే బువ్వ నేను తిన సారూ. మా ఊర్ల కోసే యాటనే గట్ల తూస్తరు," అని, తన అన్నం తాను వండుకుని పచ్చిపులుసు పోసుకున్నాడు. తూకం లేని భోజనం చేసే అనాగరికుణ్ణి చూసి జాలిపడ్డాను.

రెండో వారంలో శ్రీనును అల్ సద్దుకు తీసుకుపోయి ఒక మందుల దుకాణంలో కాటా ఎక్కించాను. బరువు తగ్గలేదు సరికదా, కిలోన్నర పెరిగింది.

"ఏటండీ ఇది?"

"నీరు. తాజా కాంక్రీట్‌లో కూడా మొదట నీరే ఎక్కువ. ఆరిపోతుంది."

ఆ తర్వాతి వారం మరో కిలో.

"ఇంకా ఆరలేదాండీ?"

"ఈ కాటా సరిగ్గా చూపుతోందో లేదో ఎవరూ పరీక్షించినట్టు లేదు. ఇటువంటి యంత్రాలను నమ్మకూడదు."

అంకెలను తప్ప దేనినీ నమ్మనివాడికి, తన కాగితం మీది అంకెకూ కాటా చూపే అంకెకూ పేచీ వస్తే ఏం చేయాలి? నేను చేసిన పని చెబుతాను. కాటా ఎక్కించడం మానేశాను.

అక్కడితో ఆగినా సగం మర్యాద దక్కేది. పెళ్ళి మరునాటి విందుకు శ్రీను సూటు కుట్టించుకోవాలనుకున్నాడు. ఆరు వారాల ముందే బట్ట ఇస్తే గాని కుట్టలేనన్నాడు అల్ సద్దులోని దర్జీ, పాకిస్తాన్‌లోని ముల్తాన్ నుంచి వచ్చినవాడు. అతడు టేపు తీసి శ్రీను నడుము చుట్టూ తిప్పాడు. "అడ్తీస్," అన్నాడు. ముప్పై ఎనిమిది.

"చౌంతీస్ రాసుకో," అన్నాను. ముప్పై నాలుగు.

దర్జీ టేపును చూశాడు, శ్రీనును చూశాడు, చివరికి నన్ను చూశాడు. "సాబ్, సూటు ఈయనకేనా? తమ్ముడికా?"

"ఈయనకే. ఆరు వారాల తర్వాత ఈయన నడుము ముప్పై నాలుగు ఉంటుంది. లెక్కగట్టాను."

"సాబ్, అంచుల్లో గుడ్డ కొంచెం వదులుతాను. అవసరమైతే విప్పుకోవచ్చు."

"వదలవద్దు. కోటు కింద ముడతలు పడతాయి."

"గుడ్డ మీది, మర్జీ మీది," అంటూ సుద్దతో గీత గీశాడు. శ్రీను భక్తిగా నా వైపు చూశాడు. ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సూటు తెచ్చుకోవలసిన రోజు రానే వచ్చింది. వేడుక చూడాలని మల్లేశం కూడా టాక్సీ ఎక్కాడు. తెర వెనుక శ్రీను చాలాసేపు మూలిగాడు. ఊపిరి బిగబట్టి, బొమ్మలా అడుగులు వేస్తూ బయటికి వచ్చాడు. ప్యాంటు ఎక్కింది. గుండీ కూడా పడింది.

"చూశావా?" అన్నాను దర్జీతో. "ముప్పై నాలుగు!"

"ఏవండీ," అన్నాడు శ్రీను పెదవులు కదపకుండా, "గాలి పీల్చుకోవచ్చాండీ?"

"నిరభ్యంతరంగా."

పీల్చాడు. గుండీ తుపాకి గుండులా లేచి నిలువుటద్దానికి తగిలింది. వెనుక కుట్టు ఈ చివర నుంచి ఆ చివర వరకూ చిరిగిన చప్పుడుకు, వీధిలో పోతున్న ఇద్దరు ఆగి లోపలికి తొంగిచూశారు. దర్జీ శ్రీను నడుము చుట్టూ మళ్ళీ టేపు తిప్పి, దాన్ని నా ముఖం ముందు పెట్టాడు. నలభై ఒకటి.

మల్లేశం నేల మీద కూలబడి నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, చిరిగిన కుట్టు మళ్ళీ వేయించి, ఆ ప్యాంటు తాను తొడిగి చూశాడు. అతికినట్టు సరిపోయింది.

"సారూ, నీ లెక్క తప్పలే," అన్నాడు అద్దంలో అటూ ఇటూ తిరుగుతూ. "మనిషి తప్పిండు, గంతే."

శ్రీను నవ్వలేదు. గదికి చేరాక గోడ వైపు తిరిగి పడుకుని, "నన్ను చూసి ఆ పిల్ల పీటల మీంచి లేచిపోద్దండీ," అన్నాడు మెల్లగా. నేను వంటింట్లోకి పోయి, డబ్బా తీసి, ధర చీటీని గోటితో గీకాను. దాని కింద రెండే మాటలు. 'ఒక చెంచాకు'. వంద గ్రాములంటే ఆరేడు చెంచాలు. నేను పూటకు తొంభై అనుకుని తినిపించినది ఆరు వందలకు తక్కువ లేదు. మనిషిని సన్నబరచడానికి బదులు, పండుగకు మేపినట్టు మేపాను.

క్షమించమన్నాను. శ్రీను మంచివాడు. "పోన్లెండి, తిన్నన్నాళ్ళూ బాగా తిన్నానండీ," అన్నాడు. ఆ మాట కన్నా, నాలుగు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. సూటు మల్లేశం దగ్గరే ఉండిపోయింది. శ్రీను విందుకు ఒక పట్టు పంచె కొనుక్కుని విమానం ఎక్కాడు. పట్టు పంచెకు కొలత ఉండదు, కుట్టు ఉండదు, ముందుగా లెక్కగట్టవలసిన అగత్యం అసలే ఉండదు. నా వంటి వాళ్ళ బారి నుంచి పెళ్ళికొడుకులను కాపాడటానికే మన పెద్దలు దానిని కుట్టకుండా వదిలేశారని నాకు ఆనాడు అర్థమైంది.

పెళ్ళినాడు నాకు ముద్ద దిగలేదు. మర్నాడు విల్లా ఫోను మోగింది.

"సూర్యంగారండీ, నేనండీ, శ్రీనునండీ!"

"పెళ్ళి... అయిందా?"

"అయిందండీ. కానీ తెర తీయగానే నన్ను చూసి పెళ్ళికూతురు ఏడ్చేసిందండీ."

"నా వల్లేనయ్యా..."

"అది కాదండీ బాబూ! వాళ్ళు పంపిన ఫొటో కూడా పాతదేనంటండీ. పెళ్ళికొడుకు సన్నగా ఉన్నాడు, పక్కన నువ్వు దిట్టంగా ఉంటే బాగోదని, వాళ్ళమ్మ రెండు నెలల్నుంచీ పిల్లకి గంజి, ఉడకేసిన సొరకాయ తప్ప ఏవీ పెట్టలేదంటండీ. పాపం, ఫొటోలో ఎలా ఉందో అలాగే తయారైపోయిందండీ. నన్ను చూసి, 'ఈయన ఇలా ఉంటే నన్నెందుకు మాడ్చావే' అని పీటల మీదే వాళ్ళమ్మని పట్టుకుని దులిపేసిందండీ!"

"ఇప్పుడు ఎలా ఉంది?"

"ఇక్కడే ఉందండీ. మీరు అక్కడ నాకు పెట్టిన పథ్యం ఏటో అడగమంటందండీ. తనకీ అదే కావాలంట."

నేను గొంతు సవరించుకున్నాను. బాధ్యత గల మనిషిగా ఈసారి లెక్క సరిగ్గా చెప్పాలి. "రాసుకో శ్రీనూ. నువ్వుల ముద్ద, మనిషికి ఒక చెంచా. ఒక్కటే చెంచా."

అవతల ఏదో గుసగుస. రిసీవర్ చేతులు మారింది. ఒక ఆడగొంతు, రెండు నెలల గంజి కసి అంతా కూడగట్టుకుని పలికింది:

"నమస్కారమండీ. చెంచాలు గించాలు మీ దగ్గరే ఉంచుకోండి. మా ఆయనకి వంద గ్రాములెట్టారంట కదా, నాకూ ఆ లెక్కే చెప్పండి!"

చెప్పాను. అందుకే ఈ వ్యాసం చదివే ప్రతి ఒక్కరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పెళ్ళికొడుకు నడుమునూ ముందుగా లెక్కగట్టను. పెళ్ళికూతురి నడుము ఊసు అసలే ఎత్తను.