రెండు వాగులు కలిసే చోటు

ఎడారి యాత్రకు రెండు నెలల ముందే మా క్వార్టర్‌లో వంటింటి గోడ పాడైపోయింది. బియ్యం డబ్బా దగ్గర నుంచి కిటికీ దాకా కాగితాలు అతికించేశాను. ఏ పొద్దున ఎన్ని కిలోమీటర్లు తొక్కాలి, ఏ గేరులో తొక్కాలి, ఎక్కడ ఆగాలి, ఎంత నీళ్లు తాగాలి. అన్నం తింటూ చదివేదాన్ని, పళ్లు తోముకుంటూ దిద్దేదాన్ని. మా ఆయన పోపు వేస్తే నూనె చుక్క కాగితం మీద పడిందని కయ్యిమని లేచేదాన్ని.

"ఏటే, ఇది వంటిల్లా, మీ లేబొరేటరీయా? ఉల్లిపాయలు కూడా తూకమేసి కొయ్యమంతావేటి?" అనేవాడు.

ఆయనది శ్రీకాకుళం వైపు. కొండ మీది గని నుంచి ఇనుప రాయిని కిందికి మోసుకొచ్చే బెల్టు దగ్గర పని. నాది ఇక్కడే, అడవి వైపు ఆవపల్లి దగ్గర పల్లె. కొండ కింద ల్యాబులో ఆ రాయిని పొడి చేసి, ఎంత ఇనుముందో చూసే పని నాది. ఆయన ఏటి అంటాడు, నేను ఏంది అంటాను, ఇక్కడి బజారుకెళితే ఇద్దరం హిందీలో బేరమాడతాం. పెళ్లయి పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లూ నేను సైకిలు తొక్కుతూనే ఉన్నాను, ఆయన నా వెనకాల సీసాలు పట్టుకుని పరిగెత్తుతూనే ఉన్నాడు.

మామూలు సైకిలు కాదు. లావు టైర్ల సైకిలు, రోడ్డు లేనిచోట తొక్కే పందెం. రాళ్లు, వేళ్లు, గుట్టలు, బురద, ఏదొస్తే అది. మా గని ఉన్న బైలదిల్లా కొండ చుట్టూ ఎర్రమట్టి బాటల మీద నన్ను దాటినవాళ్లు తక్కువ. కానీ జాతీయ పోటీ రాజస్థాన్‌లో జరిగేది, ఇసుకలో. అక్కడికి రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ ఇసుకలో దిగబడి మొదటి ఇరవై మంది అవతలే మిగిలాను. మూడోసారికి దరఖాస్తు పెడితే మా ఆఫీసరు మొహం చిట్లించి, మొదటి పదిమందిలో లేకపోతే వచ్చే ఏడాది నుంచి నా స్పోర్ట్స్ లీవు ఉండదని తేల్చి చెప్పేశాడు. నాకప్పటికి ముప్ఫై ఆరు. ఆ సెలవు పోతే పందేలు పోయినట్టే. పందేలు పోతే నేనేం చేయాలో నాకు తెలియదు. పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లో కూర్చోవడమన్న ఆలోచనకే ఊపిరాడేది కాదు.

అందుకే నాలుగేళ్లకోసారి కంపెనీ ఖర్చుతో ఊళ్లు చూసొచ్చే ఎల్టీసీ సెలవును ఆ పోటీకి ముందు వారానికి పెట్టించాను. ఆయనకు ఎడారి చూడాలని ఎప్పటి నుంచో ఆశ. ఒంటె మీద కూర్చుని ఫొటో తీయించుకుంటాడట. "అన్నీ చూద్దాం" అన్నాను. నోటిమాటే. గోడ మీద ఒంటెకు ఒక్క గంట కూడా రాయలేదు.

అయిదు పొద్దులు ఉన్నాయి. మొదటి పొద్దున గట్టి నేల మీద ఇరవై కిలోమీటర్లు, రెండో పొద్దున ఇసుక దిబ్బల అంచున, మూడో పొద్దున అసలు సిసలు నలభై అయిదు, ఆ తర్వాత రెండు రోజులు తేలిగ్గా. ఇంటర్నెట్ సెంటర్‌లో ఆ ప్రాంతం పటం నాలుగు ముక్కలుగా తీయించుకొచ్చి గోధుమపిండి జిగురుతో అతికించాను. ఆ నలభై అయిదులో ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఆయన అద్దె మోటార్‌సైకిలు మీద నీళ్లు తెచ్చి ఇవ్వాలి. ఎక్కడ కలుసుకోవాలి? పటం మీద రెండు నీలిగీతలు కలిసే చోట పెన్సిల్‌తో సున్నా చుట్టాను. మా ఊళ్లో అడవికి పోయేటప్పుడు ఎవరైనా అంతే చెబుతారు, ఫలానా రెండు వాగులు కలిసేచోట ఉంటానని. తప్పిపోవడమనేది ఉండదు. నీళ్ల చప్పుడు వినబడుతుంది, పచ్చదనం కనబడుతుంది, పసిపిల్లలైనా చేరుకుంటారు. అలా పెరిగిన నాకు అంతకంటే మంచి గుర్తు తోచలేదు. బెల్టు పక్కన పదిహేనేళ్లు వానలో తడిసిన ఆయనకూ అనుమానం రాలేదు. "బాగుందే, నీ సైకిలొచ్చీలోగా కాళ్లు కడుక్కుంతాను" అన్నాడు.

మూడు రైళ్లు మారి, సైకిలును అట్టపెట్టెలో మోసుకుంటూ వెళ్లాం. రైల్లో నాకు కూర్చోవడం చేతకాదు. కాలు కాలిన పిల్లిలా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. ఆయన మాత్రం ఎదుటి బెర్తువాళ్లకు మా కొండ కథలు చెబుతూ పల్లీలు ఒలుచుకుంటూ హాయిగా కూర్చున్నాడు. చూస్తుంటే నాకు ఒళ్లు మండింది.

మొదటి పొద్దు బాగానే గడిచింది. రెండోరోజు నోరు జారాను. దిబ్బల అంచు నుంచి వగరుస్తూ వచ్చేసరికి, నాకోసం ఉప్పు, చక్కెర, నిమ్మరసం కొలిచి కలిపిన సీసాలో రెండు గుక్కలు తక్కువున్నాయి. మార్చి నెల ఎండ, ఆయనకు దాహమేసింది, తాగాడు. అంతే కదా! నేను మాత్రం ఆయన మీదికి లేచాను.

"కొలిచి పెట్టిన నీళ్లయ్యా అవి! నువ్వెందుకు తాగినవ్? ఇంత చిన్నపని కూడా సక్కగ చెయ్యలేవా?"

"దాహమేసిందే..."

"నీ దాహం కోసం వచ్చినమా ఇంతదూరం?"

ఆయన సీసా మూత తిప్పి బిగించి, సంచిలో పెట్టాడు. సాయంత్రం లాడ్జి గదిలో నేను మర్నాటి లెక్కలు చూసుకుంటుంటే పక్కన కూర్చుని నా మోకాళ్లకు నూనె రాశాడు. క్షమించమని నేను అడగలేదు. అలసిపోయానని నాకు నేనే సాకు చెప్పుకున్నాను.

మూడో పొద్దున తెల్లవారగానే బయలుదేరాను. అబ్బ, ఆ రోజు తొక్కిన తొక్కుడు! ఇసుకలో బరువు వెనక్కి వేయడం, టైర్లలో గాలి తగ్గించడం, హ్యాండిల్‌ను పట్టీపట్టనట్టు వదలడం, అన్నీ ఒక్కసారిగా ఒంటికి పట్టేశాయి. చక్రం దిగబడుతుందనుకున్నచోట తేలిపోయింది. పదిలోకి వస్తాను, వచ్చి తీరతాను అని పైకే అరిచాను. వినడానికి ఒక్క పిట్ట కూడా లేదు.

ఇరవై ఎనిమిది తిరిగేసరికి మీటరు చూసి ఆగాను. వాగులు లేవు. ఒక పల్లం, నాలుగు ముళ్లపొదలు, ఇసుక. మా ఆయన లేడు. ఫోన్లో సిగ్నల్ లేదు. నా సీసాలో మూడు గుక్కలున్నాయి. కూర్చుని తిట్టుకోవడం మొదలుపెట్టాను. ఒంటె దగ్గర ఫొటో దిగుతూ ఉంటాడు, ఎవరితోనో కబుర్లలో పడి ఉంటాడు, ఈ మనిషిని నమ్ముకున్నందుకు నన్ను నేనే అనుకోవాలి. నలభై నిమిషాలు తిట్టాను. గడియారం చూసి మరీ తిట్టాను.

మేకల్ని తోలుకుంటూ ఒక ముసలామె వచ్చింది. హిందీలో అడిగాను, ఇక్కడ రెండు నదులు కలవాలి కదా, ఎటువైపు అని. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, నువ్వు నదిలోనే నిలబడ్డావు బిడ్డా అంది. ఎప్పుడో ఆరేడేళ్ల కింద నాలుగు రోజులు పారిందట. ఆ తర్వాత లేదట.

ఆయన నీళ్ల కోసం వెతుకుతున్నాడు. ఈ పల్లం మీదుగానే వెళ్లి ఉంటాడు, ఇది వాగని తెలియక ముందుకు పోయి ఉంటాడు. వాగు కనబడేదాకా పోతూనే ఉంటాడు. నేను చెప్పిన చోటు చేరకుండా వెనక్కి వచ్చే మనిషి కాదు. బండి చప్పుడేమైనా విన్నావా అని అడిగితే ముసలామె పడమటి వైపు చెయ్యి చూపించింది.

టైరు జాడ దొరికింది. రెండు కిలోమీటర్లు పోయాక మోటార్‌సైకిలు చక్రం ఇరుసు దాకా ఇసుకలో కూరుకుపోయి ఉంది. అక్కడి నుంచి అడుగుల జాడ. సైకిలు పడేసి పరిగెత్తాను. ఒక పొద కింద, ఆ పొదకు నీడ కూడా లేదు, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టడం లేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది, ఒక్క చెమట చుక్క లేదు. బెల్టు ఆపండి, బెల్టు ఆపండి అంటున్నాడు.

సంచి తెరిచాను. నా సీసాలు నాలుగూ నిండుగా ఉన్నాయి. ఒక్క మూత కూడా తియ్యలేదు. ఆయనకంటూ తెచ్చుకున్న చిన్న సీసా ఎప్పుడో ఖాళీ అయిపోయింది. గోడ మీద అన్ని కాగితాలు అతికించానే, ఒక్కదాంట్లోనైనా ఆయనకెన్ని నీళ్లు కావాలో రాయలేదు.

నాలుగు సీసాల నీళ్లూ ఆయన తల మీద, ఛాతీ మీద పోశాను, పెదాలు తడిపాను, ఏడుస్తూ తిట్టాను, తిడుతూ ఏడ్చాను. మేకల్ని తోలుకుంటూ నా వెనకే వచ్చిన ముసలామె ఊళ్లోకి పోయి జీపును పంపించింది. ఆమె లేకపోతే ఏమయ్యేదో ఇప్పుడు కూడా నేను తలుచుకోను.

రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆయన గండం గడిచిందని డాక్టరు చెప్పిన గంటలోపే నా కాళ్లు స్టూలు కింద తొక్కడం మొదలుపెట్టాయి. నాలుగో పొద్దు పోయింది, అయిదో పొద్దు పోతోంది, ఇసుక పట్టు జారిపోతోంది అని లోపల ఒకటే లెక్క. నా మీద నాకే అసహ్యమేసింది. అయినా లెక్క ఆగలేదు.

ఆయనకు అది తెలుసు. "ఎల్లి తొక్కు. నా మొకం సూస్తే ఏటొస్తాది?" అన్నాడు.

వెళ్లలేదు. గొప్ప కాదు, వెళ్తే ఆయన మూత తియ్యని సీసాలే కళ్లముందు మెదులుతాయని భయం.

పోటీ రోజు పొద్దున ఆయన్ని లాడ్జి గదిలో పడుకోబెట్టి, వారం దాకా ఎండ తగలకూడదన్న డాక్టరు మాట మళ్లీ చెప్పి, ఒక్కదాన్నే బయలుదేరాను. ఏడు కిలోమీటర్ల చుట్టు నాలుగుసార్లు తిరగాలి. మొదటి చుట్టులో పదిహేనో దాన్ని. రెండో చుట్టులో పన్నెండు. మూడో చుట్టు ముగిసేసరికి తొమ్మిది. వెనక చక్రం మూడోనాడు తేలినట్టే తేలుతోంది. వెనక ఉన్నవాళ్ల ఊపిరి వినబడుతోంది కానీ నన్ను అందుకోలేరు, ఆ సంగతి ఒంటికి తెలిసిపోతుంది.

నీళ్లు అందించే చోట ఆగకుండానే సీసా అందుకోవాలి. అక్కడ ఎవరో ఒక కార్యకర్త ఉంటాడనుకున్నాను. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతి మీద సూది గుచ్చినచోట దూది పట్టీతో, పెదాలు పగిలిపోయి, మా ఆయన నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు సీసాలు. నిండుగా.

బ్రేకు నొక్కాను.

"ఏటే, ఆగీసేవేటి! తొక్కు!"

"నువ్వు తాగినవా?"

"నా సంగతెందుకే, ఎనక ఒచ్చీస్తన్నారు!"

"ముందు నువ్వు తాగు."

"నీకు మతి గానీ పోయిందా? తొమ్మిదిలో ఉన్నావే!"

"తాగు."

నా గొంతు విని ఆయన మూత తీశాడు. ఒకామె దాటిపోయింది. ఆయన గడ్డం మీదుగా నీళ్లు కారుతుంటే మరో ఇద్దరు ఒకరి వెనక ఒకరు దాటిపోయారు. కాలు నేల మీదే ఉంచి, సీసా అడుగు కనబడేదాకా చూశాను. తర్వాత రెండో సీసా లాక్కుని తొక్కాను.

చివరి చుట్టులో ఒక్కరినే పట్టుకోగలిగాను. పదకొండో స్థానం. ఆఫీసరు అన్నమాట ప్రకారం ఆ మార్చి తర్వాత నాకు స్పోర్ట్స్ లీవు లేదు. పదోదిగా వచ్చినామె వీపు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది, అబద్ధమెందుకు చెప్పాలి. ఆ రోజు ఎందుకాగేవే అని మా ఆయన ఇప్పటికీ నన్ను తిడుతూనే ఉంటాడు. తిట్టనీ.