మోకాలికి తగలాల్సిన వైరు

"మా నాయిన పొద్దున పోయిండు సార్. ఆయన పుస్తకంల మీ నంబరుండె, గందుకె ఫోన్ జేస్తున్న."

పోయిన నెల ఒక ఉదయం వచ్చిన ఫోను ఇది. ఆ గొంతు నాకు తెలియదు. ఎవరి నాయన అని అడగబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆ మాట తీరులో ఆయన యాస అచ్చంగా ఉంది. పోయింది మా ఉస్తాద్. దోహాలో కార్లకు రేడియోలు బిగించే షాపులో ఆరేళ్ళు నా పక్కన పనిచేసిన మనిషి. ఖతర్‌లో చేయి తిరిగిన పనివాణ్ణి ఏ దేశం వాళ్ళైనా ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయనకు పేరు లేక కాదు. ఆ పేరుతో నేను ఒక్కనాడూ పిలవలేదు, ఇప్పుడు కొత్తగా రాస్తే ఇంకెవరి గురించో రాస్తున్నట్టు ఉంటుంది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ గొప్పతనం చెప్పడం మర్యాద. నేనూ చెబుతాను. కానీ ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఆయన గొప్పతనం కాదు, నా తప్పు. దాన్ని ఆయన ఇన్నేళ్ళూ తన నెత్తిన మోశారన్న సంగతి, ఆయన పోయాక గానీ నాకు తెలియలేదు.

మా షాపు అల్ దోహా అల్ జదీదాలో, ఒక ఇరుకు వీధిలో ఉండేది. మాది తెనాలి వైపు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా కాగితం ఒకటి చేతిలో ఉంది కాబట్టి నన్ను చెకింగ్ మీద వేశారు. అంటే ఉస్తాద్ చేసిన పనిని నేను చూసి, సరిగా ఉందని సంతకం పెట్టాలి. ఆయనేమో ఆర్మూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి అప్పటికే పదిహేనేళ్ళుగా ఆ పనే చేస్తున్నారు. నేను అంతకుముందు ఒక్క డాష్‌బోర్డు కూడా విప్పి ఎరగను. చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెత నాలాంటి వాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

నిజం చెప్పాలంటే, ఆయన ముఖం కంటే ఆయన అరికాళ్ళే నాకు ఎక్కువ గుర్తు. తల పెడల్స్ దగ్గర, కాళ్ళు సీటు వీపు మీద పెట్టి తలకిందులుగా పడుకుని పనిచేసేవారు. డాష్‌బోర్డు ప్లాస్టిక్ గీరుకుపోకుండా విప్పడానికి, విరిగిన చెక్క గరిటె ఒకటి అరగదీసి పెట్టుకున్నారు. వైరును సందుల్లోంచి లాగడానికి సైకిల్ చక్రం పుల్ల. లోపల వైర్లు గలగలలాడకుండా వాటికి చీరలా గుడ్డ టేపు చుట్టేవారు. జిగురు మీద ఆయనకు నమ్మకం లేదు, జూన్ ఎండకు కారిపోతుందని. సీట్ల కింద దొరికిన తస్బీ జపమాలలూ పిల్లల బొమ్మలూ తుడిచి, బండి అప్పగించేటప్పుడు యజమాని చేతిలో పెట్టేవారు.

పని అయ్యాక మేమిద్దరం బండిని షాపు వెనక గతుకుల సందులో ఒక చుట్టు తిప్పేవాళ్ళం. రేడియో ఆపి. మొదటిసారి నేను నవ్వాను. రేడియో బిగించి, ఆపి చూడటమేంటని.

"రేడియో పెడ్తె రేడియో ఇనబడ్తది తమ్మీ. బంద్ జేస్తె నీ పని ఇనబడ్తది," అన్నారు.

తొంభైల చివరి ఏడాదిలో ఉపగ్రహ రేడియోలు వచ్చాయి. అరచేయంత పలక లాంటి ఏరియల్, దాని నుంచి నల్లటి వైరు, చివర చిన్న పెట్టె. ఆ పలకకు ఆకాశం అడ్డం లేకుండా కనబడాలి. వంతెన కిందికి వెళితే పాట తెగిపోతుంది. మిగతా షాపులవాళ్ళు ఏరియల్‌ను అద్దం కింద అతికించి, వైరును డాష్‌బోర్డు మీదుగా వేలాడదీసి పంపేవారు. మా ఉస్తాద్ అలా కాదు. అద్దం రబ్బరు కింద దూర్చి, తలుపు పక్క స్తంభం లోపలి నుంచి దించి, తివాచీ అడుగుగా తెచ్చి, పెట్టె వెనక తేల్చేవారు. "ఏరియల్‌కు ఆకాశం కనబడాలె. వైరు ఎవ్వలకు కనబడద్దు," అనేవారు. ఒక అరబ్బు పెద్దాయన తన బండిలో మోకాళ్ళ మీద కూర్చుని వెతికి వెతికి, "వేన్ వైర్?" అని, వైరెక్కడని అడిగాడు. ఉస్తాద్ చేతులు తిప్పి, "వైర్ మాఫీ, బాబా!" అన్నారు, అసలు వైరే లేదన్నట్టు. ఆ పెద్దాయన ఆయన వీపు తట్టాడు. మర్నాడు ఇద్దరు అన్నదమ్ములను వెంటబెట్టుకుని వచ్చాడు.

అలాంటి రోజుల్లో ఒక కంపెనీ మేనేజరు తమ లేబర్ వ్యాను తీసుకొచ్చాడు. అది రోజూ ఇరవై మంది కూలీలను క్యాంపు నుంచి అల్ రువైస్ సైటుకు తీసుకెళ్ళే బండి. పోను గంటన్నర, రాను గంటన్నర. దానికి ఉపగ్రహ రేడియో పెట్టమన్నాడు. పని జరిగినంతసేపూ తనే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, డ్రైవర్‌ను టీ తాగి రమ్మని పంపేశాడు. లేబర్ బండికి రేడియో ఏంటని నాకూ అనిపించింది. నాకెందుకులే అనుకున్నాను.

ఆ డ్రైవర్ జగిత్యాల వైపు మనిషి. అప్పుడప్పుడూ షాపుకు వచ్చి ఉస్తాద్‌తో ఊరి కబుర్లు చెప్పేవాడు. మూడేళ్ళుగా కంపెనీ వాళ్ళు అతనికి సెలవు ఇవ్వలేదు. అతను వచ్చాక పుట్టిన కూతుర్ని ఇంకా చూడలేదు. ఆ వ్యానులో సగం మందిది అదే కథ.

సాయంత్రం చెకింగ్ కోసం నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. రేడియో బాగా పలుకుతోంది. ఎక్కడా ఏమీ కనబడటం లేదు. కాళ్ళు చాపేసరికి కుడి మోకాలికి ఏదో తగిలింది. స్టీరింగ్ కింద, సన్నటి నల్ల వైరు ఒకటి వేలంత ఉంగరంలా బయటికి వేలాడుతోంది. ఉస్తాద్ పనిలో నేను అంతవరకు చూడనిది. పాపం, చూపు తగ్గుతోంది కాబోలు అనుకున్నాను. ఆ జాలి వెనక కొంచెం సంతోషం కూడా ఉంది, దాచను. ఆయన తప్పు ఒకటి ఇన్నాళ్ళకు నాకు దొరికింది. చెప్పి ఆయన్ను చిన్నబుచ్చడం ఎందుకని, నేనే ఆ వైరును లోపలికి నెట్టి క్లిప్పు వేసి సంతకం పెట్టాను. అది ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో చూడలేదు. చూడటమే నా డ్యూటీ.

డ్రైవర్ వచ్చి తాళాలు తీసుకున్నాడు. ముఖమంతా వెలుగు. "మాకు గుడ రేడియో వెట్టిచ్చిండు సార్ మేనేజరు! మనసు మారినట్టున్నది. ఇగ సెలవులు గుడ ఇస్తడేమో," అన్నాడు.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఉస్తాద్ టీ కొట్టు నుంచి తిరిగి వచ్చి, నా బల్ల ముందు నిలబడ్డారు.

"తమ్మీ, ఆ వ్యాన్ల స్టీరింగు కింద వైరు... నువ్వు లోపటికి నూకినవా?"

"అవును ఉస్తాద్. మీరు మర్చిపోయినట్టున్నారు, నేనే సర్దేశాను," అన్నాను. మెప్పు కోసం ఎదురు చూశాను కూడా.

ఆయన పనిముట్ల పెట్టె మీద కూర్చున్నారు. "పని మంచిగనే జేసినవ్," అన్నారు. తర్వాత చెప్పారు.

మేనేజరుకు కావలసింది రేడియో కాదు. రేడియో వంకతో, మాటలు వినబడితే తిరిగే చిన్న టేపు రికార్డరు ఒకటి సీటు కింద పెట్టించాడు. మైకు డ్రైవర్ తల దగ్గర, బండి పైకప్పు గుడ్డ వెనక. రేడియో మోగుతున్నప్పుడు టేపు వృథా కాకూడదని, రేడియో ఆపితేనే దానికి కరెంటు అందేలా కలపమన్నాడు. మనుషులు మనసు విప్పి మాట్లాడుకోవాలంటే ముందు రేడియో ఆపుతారు కదా. సెలవులు ఇప్పించమని అందరూ కలిసి ఒక శుక్రవారం ఎంబసీకి పోదామని ఆ బండిలోనే అనుకున్నారు. శుక్రవారం రాకముందే డ్రైవర్‌ను, ఇంకో ఇద్దరిని వీసా క్యాన్సిల్ చేసి విమానం ఎక్కించారు. మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టడానికి లేదు.

"నేను కాదంటె ఇంకోడు వెడుతుండె," అన్నారు ఉస్తాద్. "వాడు వైరు బయటికి ఇడుస్తుండెనా? మేనేజరు పక్కనే కూసుండె. నోటితోని ఎట్ల జెప్పాలె? గందుకె మైకు వైరు మోకాలికి తాకెటట్టు ఇడిసిన. గుంజితె మైకు శేతికొస్తది, సమజైతది అనుకున్న."

"నాకైనా చెప్పాల్సింది ఉస్తాద్!" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"నీకు జెప్తె నీ మొకంల కనబడ్తది తమ్మీ. నీ మొకం మీద వైర్లన్నీ బయటికే ఉంటయ్."

నేను ఏడ్చాను. ఆ డ్రైవర్‌కు ఉత్తరం రాస్తానన్నాను, మేనేజరును నిలదీస్తానన్నాను. ఆయన వద్దన్నారు. "ఎవ్వలకు జెప్పకు. జెప్తె నీ కొల్వు పోతది. ఆ డ్రైవర్‌కు కొల్వు రాదు." ఎంత సౌకర్యమైన మాటో చూడండి. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. తేలు కుట్టిన దొంగలా ఎక్కడి వాణ్ణి అక్కడే ఉండిపోయాను.

ఆ తర్వాత ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఒక కొత్త అలవాటు మాత్రం పెట్టారు. ఏ వైరు ముట్టుకోబోయినా, "రెండో కొస జూసినవా?" అని అడిగేవారు. చూశాను అనేదాకా ముట్టనిచ్చేవారు కాదు. ఇప్పటికీ ఇంట్లో బల్బు మార్చబోయినా ఆ ప్రశ్న వినిపిస్తుంది. కోపగించుకుని ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. తిట్టిన మనిషికైతే ఎదురు చెప్పవచ్చు, ఎదురు చెబితే కొంత తేలికపడవచ్చు.

నేను రెండేళ్ళకు తిరిగి వచ్చేశాను, ఆయన ఇంకో నాలుగేళ్ళు ఉన్నారు. ప్రతి దసరాకూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. వానలు, మోకాళ్ళ నొప్పులు, పిల్లల పెళ్ళిళ్ళు. డ్రైవర్ సంగతి ఆయన ఎత్తేవారు కాదు. నేను అడిగేవాణ్ణి కాదు.

దశదిన కర్మకు వాళ్ళ ఊరు వెళ్ళాను. షామియానా కింద, నెరిసిన మీసాల మనిషి ఒకాయన సొంత ఇంట్లోలా అటూ ఇటూ తిరుగుతూ పనులు చూస్తున్నాడు. నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ముఖంలోకి చూసి, "గుర్తువట్టలేదా సార్? వ్యాను డ్రైవర్‌ను," అన్నాడు.

ఆయన నా పక్కన కూర్చుని చెప్పుకొచ్చాడు. తిరిగి వచ్చిన రోజు ఊరంతా దుబాయ్ నుంచి ఏం తెచ్చావని అడగడానికి వచ్చారట, వాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. మూడేళ్ళ కూతురు ఈయన్ను చూసి కొత్తవాడని ఏడ్చిందట. చాలాకాలం ఎవరు పట్టించారో తెలియక, ఆ వ్యానులో తనతో కూర్చున్న ప్రతివాణ్ణీ అనుమానించాడట. సొంత మేనబావతో మాటలు మానేశాడట.

"ఉస్తాద్ ఖతర్ దేశం నుంచి రాంగనె మొదలు మా ఇంటికే వచ్చిండు సార్. అరుగు మీద కూసుండి, 'నీ బండ్ల మైకు వెట్టింది నేనే, వైరు కనబడకుంట దాసింది గుడ నేనే' అన్నడు. కొట్టవోయిన. మా అవ్వ అడ్డం వచ్చింది. ఏడాది దాక ఆయనకు నీళ్ళు గుడ ఇయ్యలే. అయినా నెలకోసారి వచ్చి కూసుండి పోతుండె. ఒకపారి మా బోరు మోటరు కాలితె పిలువకుంటనే వచ్చి బాగుజేసిండు. గట్ల కలిసినం. మా బావతోని గుడ ఆయననే మాట కలిపిండు."

"ఇంకెవరి పేరూ చెప్పలేదా?" అని అడిగాను.

"ఇంకెవలున్నరు సార్ అండ్ల?"

నేను నీళ్ళు తాగాను. అంతలో ఎవరో వడ్డనకు పిలిస్తే ఆయన లేచి వెళ్ళాడు.

ఉస్తాద్ చేయని నేరాన్ని ఒప్పుకుని, ఆ గడప ముందు ఏడాదిపాటు దాహంతో కూర్చున్నారు. మైకు పెట్టింది తనే కనుక అది తన బాధ్యతే అనుకుని ఉంటారు. నన్ను కాపాడాలని అని ఉంటారు. నేను ఏనాటికైనా వచ్చి చెప్పుకుంటానని ఎదురుచూశారేమో, ఆ మాటే నన్ను తినేస్తోంది. ఆయన ఉండగా వచ్చి ఉంటే, ఆ ఇద్దరి మధ్యా కూర్చుని ఒక్క వాక్యం చెప్పి ఉంటే చాలు కదా.

భోజనాల వరుసలో కూర్చున్నాను. డ్రైవర్ పప్పుచారు బకెట్ పట్టుకుని ఒక్కొక్కరికీ వడ్డిస్తూ నా విస్తరి దగ్గరికి వచ్చాడు.

"ఆ వైరు ఉస్తాద్ దాచలేదు," అన్నాను. "నీకు తెలియాలని నీ మోకాలికి తగిలేలా బయటే వదిలారు. లోపలికి నెట్టింది నేను. తెలియక నెట్టాను. తెలిశాక కూడా ఇన్నేళ్ళు చెప్పలేదు."

ఆయన గరిటె బకెట్లో ఉంది. పక్కవాళ్ళు ఏదో అడుగుతున్నారు, వినిపించుకోలేదు. నా వైపు కాదు, లోపల దండ వేసి ఉన్న ఫొటో వైపు చూశాడు. తర్వాత గరిటె నిండా తీసి, అన్నం మధ్యలో, ఒక్క చుక్క కింద పడకుండా పోసి పక్క విస్తరికి వెళ్ళిపోయాడు.

రెండోసారి మా వరుసకు బకెట్ పట్టుకుని వేరే ఎవరో వచ్చారు.